సెంటెన్స్ కరెక్షన్ దగ్గర చెవి మోసం చేస్తోందా?

ప్రశ్న: అక్కా, మాది పుత్తూరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తిరుపతిలో బీకాం. ఇప్పుడు రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో, స్టోర్స్‌లో పని చేస్తున్నాను. ఎంబీఏ చేయాలని ఉంది. బెంగళూరులో ఉండే మా పెద్దమ్మ కొడుకు తన పాత జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) పుస్తకాలు ఇచ్చాడు. నాలుగు నెలలుగా షిఫ్ట్ అయ్యాక రోజూ సెంటెన్స్ కరెక్షన్, అంటే వాక్యంలో తప్పు ముక్కకి బదులు సరైనది ఎంచుకునే ప్రశ్నలు, చేస్తున్నాను. ఐదు ఆప్షన్లలో మూడు తీసేయగలుగుతున్నాను, మిగిలిన రెండింట్లో ఎప్పుడూ తప్పుదే పెడుతున్నాను. నలభై చేస్తే ఇరవై కూడా కరెక్ట్ కావడం లేదు. మా మామ ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్ళి కోచింగ్‌లో చేరమంటున్నాడు. తెలుగు మీడియం వాళ్ళకి ఇది రాదా అక్కా? మన రాష్ట్రంలో ఎంబీఏకి పెట్టే ఐసెట్ కూడా రాద్దామనుకుంటున్నాను. దానికి ఈ పుస్తకాలు పనికొస్తాయా?

సమాధానం: తమ్ముడూ, ముందు చేదు మాట చెప్పేస్తాను, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం. నువ్వు నాలుగు నెలలుగా కుస్తీ పడుతున్న ఆ ప్రశ్నలు ఇప్పుడు జీమ్యాట్‌లో లేవు. మీ అన్న తప్పేమీ లేదు, ఆయన రాసిన రోజుల్లో ఉండేవి. అప్పట్లో వెర్బల్ (ఇంగ్లీష్) సెక్షన్‌లో 36 ప్రశ్నలు, 65 నిమిషాలు, అందులో మూడో వంతు సెంటెన్స్ కరెక్షనే. 2023 నవంబర్‌లో పరీక్ష కొత్త రూపం మొదలైంది, 2024 జనవరి ఆఖరుతో పాతది ఆపేశారు. ఇప్పుడు క్వాంట్ (లెక్కలు) 21, వెర్బల్ 23, డేటా ఇన్‌సైట్స్ 20, మొత్తం 64 ప్రశ్నలు, ఒక్కో సెక్షన్‌కి 45 నిమిషాలు. ఆ వెర్బల్ 23లో ఉండేవి రీడింగ్ కాంప్రహెన్షన్, క్రిటికల్ రీజనింగ్ మాత్రమే. జామెట్రీ కూడా తీసేశారు. స్కోరు 205 నుంచి 805 దాకా ఇస్తున్నారు కాబట్టి మీ అన్న చెప్పే 700 లెక్క కూడా నీకు పనికిరాదు. ఐఐఎంల కోసం రాసే క్యాట్ సంగతి కూడా అంతే, ఈ మధ్య సంవత్సరాల్లో అందులో గ్రామర్ తప్పులు పట్టే ప్రశ్నలు కనబడటం లేదు, ప్యాసేజీలు, పేరాలు సర్దడం, సారాంశం పట్టడం, ఇవే.

ఇది చదివి పుస్తకాలు అటక మీద పడేయకు. ఐసెట్‌లో కమ్యూనికేషన్ ఎబిలిటీ అని ఒక సెక్షన్ ఉంది కదా, అందులో గ్రామర్ ఉంటుంది. ఎన్‌మ్యాట్ అనే ఇంకో ఎంబీఏ ప్రవేశ పరీక్షలో లాంగ్వేజ్ స్కిల్స్‌కి 28 నిమిషాల్లో 36 ప్రశ్నలు, వాటిలో వాక్యంలో తప్పు పట్టేవి వస్తాయి. బ్యాంకు పరీక్షల్లో సరేసరి. జీమ్యాట్ వాక్యాలు వీటన్నిటికన్నా మెలికలు ఎక్కువ, వాటి మీద చెయ్యి తిరిగితే ఐసెట్ ప్రశ్న నీకు పెద్ద కష్టం కాదు. కాబట్టి ఆ పుస్తకాలు ఉంచుకో, వాడే పద్ధతి మార్చుకో.

రెండింట్లో తప్పుదే ఎందుకు పెడుతున్నావో నువ్వు రాయలేదు కానీ నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఆ బురదలోంచే వచ్చాను. డిగ్రీ అయ్యాక నేను చేరిన ఒక కోచింగ్ సెంటర్‌లో (పేరెందుకులే) సార్ మొదటి రోజే బోర్డు మీద పెద్ద చెవి బొమ్మ వేసి, రెండు ఆప్షన్లు మిగిలితే మనసులో చదువుకోండి, ఏది చెవికి ఇంపుగా ఉంటే అది పెట్టేయండి అన్నాడు. ముందు బెంచీలో కూర్చున్న కాన్వెంటు పిల్లలకి అది పనిచేసింది. వాళ్ళు ఇంట్లో కూడా ఇంగ్లీష్ విని పెరిగారు. నా చెవి విన్న ఇంగ్లీష్ ఏది? మా బళ్ళో సార్ పాఠం తెలుగులో చెప్తూ మధ్యలో చదివే ఇంగ్లీష్, బస్టాండులో అనౌన్స్‌మెంటు, తర్వాత టీవీ. ఆ చెవికి తప్పు వాక్యమే ఇంపుగా ఉంటుంది, ఎందుకంటే అది రోజూ వినే వాక్యం. ఆరు నెలల ఫీజు కట్టి నేను నేర్చుకున్నది నా చెవిని నమ్మకూడదని ఒక్కటే.

తెలుగు మీడియం అయితే రాదా అని అడిగావు. నేను చెప్పేది కొంచెం తిరకాసుగా ఉంటుంది, విను. తెలుగు కొన్ని చోట్ల నీకు కాన్వెంటు పిల్లాడి కంటే బలం, కొన్ని చోట్ల నిన్ను నిండా ముంచుతుంది. ఎక్కడ ఏదో తెలుసుకుంటే చాలు. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, పిల్లలకి చెప్పడం మొదలుపెట్టాకే అర్థమైంది.

ఒక వాక్యం తీసుకుందాం, పైకి చదువుకో. 'ద నంబర్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్ క్లైంబింగ్ ద స్టెప్స్ ఫ్రమ్ అలిపిరి, మెనీ ఆఫ్ దెమ్ క్యారీయింగ్ చిల్డ్రన్ ఆన్ దెయిర్ షోల్డర్స్, హ్యావ్ రిజన్ సిన్స్ ద హాలిడేస్ బిగాన్.' చెవికి బాగానే ఉంది. పిల్‌గ్రిమ్స్, మెనీ, చిల్డ్రన్, షోల్డర్స్, అన్నీ బహువచనాలే, వాటి పక్కన హ్యావ్ హాయిగా కూర్చుంది. పరీక్ష పెట్టేవాడు ఆ మధ్యలో అంత సంత పెట్టింది అందుకే, నువ్వు మొదటి మాట మర్చిపోవాలని. ఇప్పుడు ఇదే తెలుగులో చెప్పు. అలిపిరి నుంచి మెట్లెక్కే భక్తుల సంఖ్య సెలవులు మొదలైనప్పటి నుంచి... పెరిగిందా, పెరిగారా? మీ నాయనమ్మని అడిగినా పెరిగింది అనే చెప్తుంది. మధ్యలో 3,550 మెట్లూ చెప్పుకుంటూ పోయినా చివర్లో పెరిగింది అనే అంటుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, అది కర్తని బట్టి మారి తీరుతుంది, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అని పుట్టినప్పటి నుంచి మనం ఈ లెక్క తప్పకుండా వేస్తూనే ఉన్నాం. అంత దూరంలో ఉన్న కర్తని గుర్తుపెట్టుకునే అలవాటు మనకి ఇంట్లోనే వచ్చింది. కాబట్టి హ్యావ్ కాదు, హ్యాజ్. అదే 'ఎ నంబర్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్' అంటే చాలామంది భక్తులు అని, అప్పుడు హ్యావ్. ఇదీ తెలుగు చేస్తే తెలిసిపోతుంది, చాలామంది భక్తులు వచ్చారు.

ఇలాంటివే ఇంకో రెండు. 'ద మేనేజర్ అలాంగ్ విత్ హిజ్ స్టాఫ్' తర్వాత వాజ్ రావాలా వర్ రావాలా అని పిల్లలు కొట్టుకుంటారు. మేనేజర్ తన స్టాఫ్‌తో సహా వచ్చాడు. అయిపోయింది, వాజ్. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అని మన తిరుపతిలో సగం మంది అంటారు, నా ఫ్రెండ్‌లో ఒకడు అని తెలుగులో అను చూద్దాం, నవ్వుతారు. నా ఫ్రెండ్స్‌లో ఒకడు. అక్కడ ఎస్ ఉండాలి, కానీ ఆ తర్వాత వచ్చే క్రియ ఆ ఒక్కడిదే.

పేరలలిజం అని, అంటే ఒక వరసలో వచ్చే మాటలన్నీ ఒకే రూపంలో ఉండాలని, నీ పుస్తకంలో యాభై పేజీలు ఉంటుంది. షీ లైక్స్ రీడింగ్, రైటింగ్ అండ్ టు సింగ్. ఆమెకి చదవడం, రాయడం, పాడటానికి ఇష్టం. రాయి తగిలినట్టు లేదూ? యాభై పేజీలకీ ఇదే.

ఇప్పుడు తెలుగు ముంచే చోట్లు. నీ మార్కులు ఎక్కువగా పోతున్నది ఇక్కడే అనుకుంటున్నాను, కాస్త నిదానంగా చదువు.

మొదటిది. వాన పడి రోడ్డు పాడైంది అంటాం. కొండెక్కి కాళ్ళు పట్టేశాయి అంటాం. పడింది వాన, పాడైంది రోడ్డు. ఎక్కింది నేను, పట్టేసింది కాళ్ళు. రెండు పనులకీ కర్త ఒక్కడే ఉండాలని మన బడి వ్యాకరణం కూడా చెప్తుంది కానీ మాటల్లో మనం ఎప్పుడూ పట్టించుకోం, ఎవరికీ తప్పుగా వినబడదు కూడా. ఇంగ్లీష్ పరీక్షలో ఇది నేరం. 'క్లైంబింగ్ ద హిల్, మై లెగ్స్ బికేమ్ స్టిఫ్' అంటే కొండెక్కింది కాళ్ళే అని అర్థం, నువ్వు కింద అలిపిరిలో టీ తాగుతున్నావన్నమాట. 'క్లైంబింగ్ ద హిల్, ఐ...' అని ఎక్కినవాడు కామా దాటగానే కనబడాలి. కాబట్టి వాక్యం ఐఎన్‌జీ మాటతో గానీ 'బిల్ట్ ఇన్...', 'లైక్...' లాంటి వాటితో గానీ మొదలైతే కామా పక్కన ఎవరున్నారో చూడు, ఆ పని చేసింది వాళ్ళేనా అని అడుగు. ఈ ఒక్క ప్రశ్నతో ఐదు ఆప్షన్లలో మూడు ఎగిరిపోయే వాక్యాలు ఆ పుస్తకంలో బోలెడు.

రెండోది పోలిక. చిత్తూరులో తోతాపురి రేటు కృష్ణగిరి కన్నా తక్కువ అని మండీలో అంటే ఎవరైనా ఏమని అర్థం చేసుకుంటారు? కృష్ణగిరిలో రేటు కన్నా అని. తెలుగు వినేవాడు మిగతాది తనే పూరించుకుంటాడు. ఇంగ్లీష్ పరీక్ష పూరించుకోదు. 'ద ప్రైస్ ఆఫ్ మ్యాంగోస్ ఇన్ చిత్తూర్ ఈజ్ లోయర్ దాన్ కృష్ణగిరి' అంటే రేటుని ఊరితో పోల్చావు. 'దాన్ దట్ ఇన్ కృష్ణగిరి' అనాలి. దాన్, లైక్, అన్‌లైక్ కనబడగానే ఆగి, దేన్ని దేనితో తూకం వేస్తున్నారో చూడు. రేటుకి రేటు, ఊరికి ఊరు.

మూడోది విచ్. ఇది మన భాష కట్టుబడి వల్ల వచ్చే చిక్కు. చెల్లెలికి కొన్న వాచీ పాడైంది అని మనం విశేషణాన్ని ముందే పెట్టేస్తాం, అది ఎవరికి తగులుతుందో అనుమానమే రాదు. ఇంగ్లీష్‌లో తోక వెనక వస్తుంది, దేని పక్కన ఉంటే దానికే అంటుకుంటుంది. 'ఐ బాట్ ఎ వాచ్ ఫర్ మై సిస్టర్ విచ్ స్టాప్డ్ వర్కింగ్' అని మా క్లాసులో ఒకమ్మాయి రాసింది, పాడైంది వాచీనా చెల్లెలా అని అడిగితే క్లాసంతా పది నిమిషాలు నవ్వుతూనే ఉంది. జీమ్యాట్ వాడు ఇంకో అడుగు ముందుకేస్తాడు, మొత్తం జరిగిన సంగతికి విచ్ తగిలిస్తాడు, 'రేట్లు పడిపోయాయి, విచ్ రైతులకి నష్టం' అన్నట్టు. మాటల్లో అందరూ అంటారు, ఆ పరీక్షలో మాత్రం అది తప్పు. విచ్ ముందు ఒక నామవాచకం ఉండాలి, ఆ విచ్ దానిదే అయి ఉండాలి.

నాలుగోది కాలం. పైన అలిపిరి వాక్యం మళ్ళీ చూడు, హ్యాజ్ రిజన్ అని, రోజ్ అని రెండు ఆప్షన్లు మిగిలాయనుకో. రెండూ తెలుగులో పెరిగిందే! ఇక్కడ తెలుగు నీకు చెయ్యి ఇవ్వదు, ఎంత చదివినా రెండూ ఒకటే అనిపిస్తాయి, నువ్వు బొమ్మా బొరుసూ వేస్తావు. సిన్స్ ఉంది, అంటే అప్పట్నుంచి ఇప్పటిదాకా, అంటే హ్యాజ్ రిజన్. నేను స్టేషన్ చేరేసరికి రైలు వెళ్ళిపోయింది అనే దాంట్లో కూడా అంతే, తెలుగులో మామూలు భూతకాలం చాలు, ఇంగ్లీష్‌లో రెండిట్లో ముందు జరిగినదానికి హ్యాడ్ కావాలి, హ్యాడ్ లెఫ్ట్. మళ్ళీ మనవాళ్ళే 'నిన్న నేను తిరుమలకి హ్యాడ్ గాన్' అని ఒక్క పనికి కూడా హ్యాడ్ తగిలించేస్తారు. రెండు పనులు లేకపోతే హ్యాడ్ దండగ. కాలం మాటలు, సిన్స్, ఫర్, బై ద టైమ్, ఎస్టర్‌డే, వీటి చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీయి. ఇది తెలుగుతో తేలేది కాదు, గుర్తుపెట్టుకోవాల్సిందే.

ప్రతి ఒక్కరూ వచ్చారు అని బహువచనంలో అంటాం, కానీ ఎవ్రీవన్ హ్యాజ్ కమ్. ఈచ్ కూడా అంతే. ఇది చిన్నదే కానీ ఇలాంటి పరీక్షల్లో తరచూ అడిగేది.

సరే, రెండు ఆప్షన్లు మిగిలినప్పుడు ఏం చేయాలి? మొత్తం వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదవకు. నాలుగోసారి చదివేసరికి రెండూ కరెక్ట్‌గానే వినబడతాయి, ఐదోసారికి రెండూ తప్పుగా. రెండు ఆప్షన్లనీ ఒకదాని కింద ఒకటి పెట్టి తేడా ఎక్కడుందో ఆ ఒక్క చోట వేలు పెట్టు. తేడా క్రియ దగ్గరుంటే కర్తని వెతుకు. ఇట్, దే, దెయిర్ దగ్గరుంటే అవి ఎవరిని అంటున్నాయో చూడు. తేడా మాట ఉన్న చోటులో ఉంటే అది అర్థం తేడా. ఇక్కడ మళ్ళీ తెలుగు వాడుకో. 'ఓన్లీ హీ పెయిడ్ ఎ హండ్రెడ్ రుపీస్', 'హీ పెయిడ్ ఓన్లీ ఎ హండ్రెడ్ రుపీస్', చూడటానికి రెండూ ఒకటే. వాడొక్కడే వంద కట్టాడు, వాడు వందే కట్టాడు. మన 'ఏ' అసలు మాటకే అతుక్కుంటుంది కాబట్టి మనకి తేడా ఠక్కున దొరుకుతుంది. అసలు వాక్యం చెప్పాలనుకున్నది ఏదో అదే నీ జవాబు. పొట్టిగా ఉన్నది పెట్టేయ్, బీయింగ్ ఉంటే కొట్టేయ్ లాంటి చిట్కాలు నీ పుస్తకం అంచుల్లో మీ అన్న రాసుకుని ఉంటాడు, అవి పదిలో ఆరుసార్లు గట్టెక్కిస్తాయేమో, నాలుగుసార్లు ముంచుతాయి. ఇంకో సంగతి, ఆ పుస్తకాల్లో మొదటి ఆప్షన్ ఎప్పుడూ అసలు వాక్యమే, దాన్ని రెండోసారి చదివి టైమ్ పోగొట్టుకోకు.

రోజుకి నలభై ప్రశ్నలు మానేయ్. షిఫ్ట్ చేసి వచ్చి నలభై చేస్తే చివరి ఇరవై నిద్రలోనే చేస్తున్నట్టు. పన్నెండు చాలు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, జవాబు చూడక ముందే, ఎందుకు అది తప్పు, ఎందుకు ఇది ఒప్పు అని తెలుగులో ఒక్క లైను రాయి. 'కర్త సంఖ్య, క్రియ హ్యాజ్.' 'రేటుని ఊరితో పోల్చాడు.' అంతే, గ్రామర్ పేర్లు అక్కర్లేదు. ఆ లైను రాయలేకపోతే జవాబు కరెక్ట్ అయినా తప్పు కిందే లెక్క వేసుకో, అది గుడ్డిగా తగిలింది. మొదటి వారం నీ స్కోరు ఇంకా పడిపోతుంది, టెన్షన్ పడకు, గుడ్డిగా తగిలేవి లెక్కలోంచి పోతాయి కాబట్టి అలా కనబడుతుంది. వారానికోసారి ఆ లైన్లు తిరగేస్తే నువ్వు చేసేవి నాలుగైదు రకాల తప్పులే అని నీకే కనబడుతుంది. స్టోర్స్‌లో పనిచేస్తున్నావు కదా, స్టాక్ లెక్క తేడా వస్తే ఏ రాక్ దగ్గర వచ్చిందో చూస్తారు గానీ గోడౌన్ మొత్తం మళ్ళీ ఎంచరు కదా.

ఇక ఐసెట్. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, అంటే ప్రశ్నకి 45 సెకన్లు. నెగిటివ్ మార్కులు లేవు, ఒక్కటి కూడా ఖాళీ వదలకు. అక్కడ జీమ్యాట్ అంత పొడుగు వాక్యాలు రావు, డిస్కస్ తర్వాత అబౌట్ ఉండకూడదు, సీనియర్ తర్వాత టు రావాలి, నో సూనర్ వస్తే దాన్ రావాలి, హార్డ్‌లీ వస్తే వెన్ రావాలి, అన్‌లెస్ ఉన్న ముక్కలో నాట్ వద్దు, ఇలాంటివి. ఇవి ఆలోచిస్తే వచ్చేవి కావు, వచ్చి ఉండాలి, అంతే. ఒక అట్ట మీద రాసి రేణిగుంట బస్సులో చూసుకో. 'నో ఎర్రర్' అనే ఆప్షన్ ఉండే పరీక్షల్లో ఇంకో భయం, ఏదో ఒక తప్పు దొరికే దాకా వెతికి, దొరక్కపోతే మంచి మాటలో తప్పు పుట్టిస్తారు పిల్లలు. కర్తా క్రియా చూశావు, కాలం చూశావు, పోలిక చూశావు, ప్రిపొజిషన్ చూశావు, ఏమీ లేదు. నో ఎర్రర్ పెట్టి ముందుకు పో.

మీ మామకి కోపం రాకుండా చెప్పు, ఉద్యోగం మానేసి హైదరాబాద్ పోవడం నాకు ఇష్టం లేదు. ఐసెట్ కోసమైతే అసలే అక్కర్లేదు, అనలిటికల్, మ్యాథ్స్ కలిపితేనే పేపర్‌లో సగం దాటుతుంది, బీకాం వాడివి, అక్కడ నీకు ఎంత వస్తుందో ముందు చూసుకో, నువ్వు అన్ని నెలలూ గ్రామర్ మీదే కూర్చున్నావని నాకు అనుమానం. జీమ్యాట్ రాసే ఆలోచన ఉంటే మాత్రం ఫీజు వేలల్లో ఉంటుంది, ఏ కాలేజీలు ఆ స్కోరు తీసుకుంటాయో, వాటి ఫీజు మీ ఇంట్లో కట్టగలరో లేదో మీ అన్నతో కూర్చుని మాట్లాడాకే అడుగు వెయ్యి, అప్పుడు కొత్త పుస్తకం కొను.

రెండు వారాలయ్యాక ఆ నోట్‌బుక్‌లో ఒక పేజీ ఫోటో తీసి పంపు, ఏ రకం తప్పు ఎక్కువుందో చూసి చెప్తాను. ఈలోపు ఈ వాక్యం నీకు వదిలేస్తున్నాను, జవాబుతో పాటు తెలుగు లైను కూడా కావాలి: 'అన్‌లైక్ తిరుపతి, ద సమ్మర్స్ ఇన్ మదనపల్లె ఈజ్ మైల్డ్.' ఇందులో తప్పులు రెండున్నాయి.